మరిడమ్మ అనుమానాలు

మరిడమ్మకి కన్యకతో పరిచయం గొడవతోనే మొదలైంది. ఎనభై నాలుగులో మరిడమ్మ పెద్దాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. బట్టల కొట్టు కన్యక మద్రాసుకి ట్రంకు కాల్ బుక్ చేసి, మూడు గంటలైనా లైను దొరక్కపోయేసరికి నేరుగా ఎక్స్ఛేంజీకే వచ్చి దెబ్బలాడింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఈసారి బుక్ చేయాల్సిన కాల్ ఏదీ లేకుండానే. తన కోసమే వచ్చిందేమోనని మరిడమ్మకి మొదటి అనుమానం అప్పుడే వచ్చింది. అది నిజమై, రెండేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ ఒకే గదిలో అద్దెకి దిగారు.

పెళ్ళి రిజిస్టరు చేయమని వెళితే, ఇద్దరు ఆడవాళ్ళకి పెళ్ళేమిటని రిజిస్ట్రారు కాగితం వెనక్కి ఇచ్చేశాడు. దాంతో ఎక్స్ఛేంజీ యూనియన్ లీడరు లోవరాజు, మహిళా సంఘం వాళ్ళూ కలిసి ఊరేగింపు పెట్టారు. పెళ్ళి వీళ్ళ హక్కని అట్టల మీద రాశారు.

"లోవరాజు గారికెందుకంట ఇంత శ్రద్ధ? యూనియన్ ఎలక్షన్లు వస్తున్నాయి కదా," అంది మరిడమ్మ.

"దేవుడు ప్రత్యక్షమైనా ఏ పని మీద వచ్చావని అడుగుతావే నువ్వు," అని నవ్వి, కన్యక ఆమె చెయ్యి పట్టుకుంది.

యాభై మంది మెయిన్ రోడ్డెక్కారు. సన్నగా తుంపర పడుతోంది. కొట్ల అరుగుల మీంచి ఊరంతా చూస్తోంది. ఎవరైనా నవ్వితే వెక్కిరింపేమోనని, నవ్వకపోతే రాయి విసురుతారేమోనని మరిడమ్మకి అనుమానం. వెనక్కి తిరిగి చూస్తే కన్యక అక్క అమ్మణ్ణి కనిపించింది. ఏడాదిగా వీళ్ళ గుమ్మం తొక్కని మనిషి, గొడుగు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా చివర్లో నడుస్తోంది. తల్లి పోయాక కన్యకని పెంచింది ఆమే. చెల్లెల్ని తీసుకుపోవడానికే వచ్చిందని మరిడమ్మ తీర్మానించేసుకుంది. అక్క రమ్మంటే కన్యక వెళ్ళిపోతుందా? కన్యక చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

రిజిస్ట్రారు అర్జీ తీసుకుని, పైకి పంపిస్తానన్నాడు. జనం ఇద్దరినీ గది దాకా దిగబెట్టడానికి వచ్చారు. అప్పుడు అమ్మణ్ణి గబగబా అందరినీ దాటుకుని వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

మరిడమ్మ ముందుకొచ్చింది. ఇక దాచుకోలేక, "మీ చెల్లెల్ని తీసికెళ్ళకండి అమ్మణ్ణి గారూ. తను లేకపోతే నేను బతకలేనండి," అంది అందరి ముందూ.

అమ్మణ్ణి ఆమెని ఎగాదిగా చూసింది.

"తీసికెళ్ళడానికి రాలేదు. నీకు ఆడపడుచుని, అడ్డం నిలబడక ఏం చేస్తానమ్మా? ఇద్దరూ పేర్లు చెప్పి లోపలికి నడవండి."

కన్యక సిగ్గుతో తల వంచుకుని, "నేనూ, మా మరిడమ్మా వచ్చామక్కా," అంది.

మరిడమ్మ కళ్ళు తుడుచుకుంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆగి, "నేనూ, మా కన్యకా వచ్చామండి," అంది.

అమ్మణ్ణి చేతులు దించలేదు. "నన్ను అండి అంటావేంటి? వదినా అనాలి."

"వచ్చాం వదినా," అంది మరిడమ్మ.

అమ్మణ్ణి పక్కకి తప్పుకుంది.