దారులు మింగిన పూలకంప

పిల్లలూ, సిరిగిరి రాజ్యానికి వచ్చిన కష్టం కరువు కాదు, శత్రువూ కాదు, ఒక పూలమొక్క. ఓడ వర్తకుడు కానుకగా ఇచ్చిన దాన్ని రాణి తోటలో నాటించింది. ఒకే గుత్తిలో పసుపు, గులాబి రంగులు. చూసినవాళ్ళంతా ముచ్చటపడి తమ ఇళ్ళకు కంచెగా నాటుకున్నారు. అత్తవారింటికి వెళ్ళే పెళ్ళికూతురి ఒడిలో పుట్టింటి గుర్తుగా దాని కొమ్మ పెట్టడం ఆచారమైంది. కొన్నేళ్ళకే అది బీళ్ళను, బాటలను కమ్మేసింది. ఆ ఆకు మేసిన గొర్రెలు ఎండ తగిలితే చర్మం చిట్లి చచ్చిపోయేవి.

గొర్రెల కాపరి కూతురు బీరమ్మ కూడా అక్క కొమురక్క ఒడిలో తన చేతులతోనే కొమ్మ పెట్టింది. ఇప్పుడు అక్క ఊరికి దారి లేదు. రెండేళ్ళుగా ఉన్నదో లేదో కబురు లేదు. ఉండబట్టలేక ఒకనాడు బీరమ్మ గడ్డపార భుజాన వేసుకుని బయలుదేరింది.

నాలుగు రోజులు నడిచినా పలకరించే మనిషి లేడు. తన అడుగుల చప్పుడుకే ఉలిక్కిపడేది. అయిదో పొద్దున కంప నడుమ జడలు విరబోసుకున్న రక్కసి అడ్డం నిలిచి, చుట్టూ నూరు రకాల మొక్కలు మొలిపించింది.

“కండ్లు మూసుకొని ఈ మొక్కలల్ల నేనేదో గుర్తుపట్టు పిల్లా. తప్పితే నా తోడుగ ఈడనే ఉండాలె.”

బీరమ్మ కళ్ళు మూసుకుని తడిమింది. నున్నని ఆకులు, గుండ్రని కాడలు వదిలేసింది. చివరకు గరుకాకు, నాలుగు పలకల కాడ, దాని మీద సన్నని ముళ్ళు చేతికి తగిలాయి. ఆకు నలిపితే ఘాటు వాసన.

“ఇది నువ్వే.”

రక్కసి చతికిలబడింది. “గుర్తుపట్టినవ్. పో.”

“పోత గని, నరికితే ఎందుకు సావవు?”

“నరికితే మొదలు ఊకుంటదా? పండ్లు పిట్టలు మోస్తయి. మా దేశంల నన్ను తినే పురుగులుండె, నాకూ ఒక హద్దుండె. ఈడ నన్ను ముట్టెటోళ్ళే లేరు. ఒక్కదాన్నే పెరుగుతున్న.”

బీరమ్మకు జాలి వేసింది. అయినా కాయ కట్టకముందే ఒక్కో మొదలూ పెళ్ళగించి, మళ్ళీ పాతుకోకుండా వేళ్ళు పైకి ఉండేలా బోర్లిస్తూ సాగింది. రక్కసి చిన్నదై చిన్నదై కనిపించకుండా పోయింది.

నెల తిరిగేసరికి కంప అవతల గొడ్డలి చప్పుడు వినిపించింది.

“ఎవరది?”

“నేనక్కా, బీరిని.”

గొడ్డలి ఆగింది. “నన్ను తోలి మరిచిండ్రనుకున్ననే. రెండేండ్ల సంది నరుకుతున్న, లేస్తనే ఉన్నది.”

“నరుకుడు కాదక్కా, మొదలు తియ్యాలె.”

చెరోవైపు తవ్వారు. సాయంత్రానికి చేతులు అందాయి.

సంగతి తెలిసి రాణి తన తోటలోని మొక్కను తానే పెళ్ళగించింది. రాజు బీరమ్మను రాజ్యంలోని బాటలన్నిటికీ పెద్దను చేశాడు. నెలకొకసారి ఆమె అక్కను చూసి వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగానే రావాలి. కానీ కంప లేని ఆ బాటలో వెనక్కి చూసిన ప్రతిసారీ, ఎంత దూరమైనా, నిలబడి చూస్తున్న అక్క కనిపించేది.