మామిడి బొమ్మ సీసా

ఉదయం ఎనిమిదీ పదికి మూడేళ్ల పూజ నెయిల్ పాలిష్ రిమూవర్ తాగింది. రెండు గుటకలు. సీసా మీద మామిడిపండు బొమ్మ ఉంది.

దోసె తిప్పుతున్న సౌమ్య కూతురి దగ్గు విని పరుగెత్తుకొచ్చింది. పిల్ల నోట్లోంచి రిమూవర్ వాసన. అత్త నిర్మల అప్పటికే గ్లాసులో ఉప్పు కలుపుతోంది.

"తాపు. కక్కితె అంత పోతది."

సౌమ్య గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది. "కక్కిపియ్యొద్దు అత్తమ్మా. ఊపిరితిత్తులల్లకు పోతది. పార్లర్ ట్రైనింగుల చెప్పిండ్రు."

"గా పార్లరే కొంప ముంచింది!"

మామ పాండురంగం ఆటో పిలిచాడు. నలుగురూ హన్మకొండలోని దవాఖాన చేరేసరికి ఎనిమిదీ ముప్పై అయిదు. సౌమ్య సీసా కూడా వెంట తెచ్చింది.

"ఇది జ్యూస్ సీసా కదా?" అంది డాక్టరమ్మ, పూజను పరీక్షించి సాయంత్రం దాకా ఉంచుకుని చూస్తామన్నాక.

"మా కోడలు ఇంటి ముందటి రూంల పార్లర్ నడుపుతది మేడం," అంది నిర్మల. "సామాన్లు యాడ పడితె ఆడ పెడ్తది. ఇయ్యాల్టి సంది బంద్. నా కొడుకు డ్యూటీ దిగి రానియ్."

"బంద్ చెయ్య." సౌమ్య గొంతు పెంచలేదు. "నా రిమూవర్ బీరువాల ఉంది. తాళంచెవి నా మెడల ఉంది. ఈ సీసా ఎవలు తెచ్చిండ్రో మామయ్యను అడుగుండ్రి."

"మామనే అంటవా?" అంది నిర్మల.

పాండురంగానికి బజారులో ఫ్యాన్సీ షాపు. ఐదు లీటర్ల డబ్బా కొని, ఖాళీ జ్యూస్ సీసాల్లో పోసి పార్లర్లకు అమ్మడం ఇరవై ఏళ్ల అలవాటు.

"నేనే పోసిన," అన్నాడు. "నిన్న ఒకటి మిగిలితె ఫ్రిజ్ పక్కన పెట్టిన."

"షాపుల ఇంకెన్ని ఉన్నయి మామయ్యా?"

"ఇరవై మూడు."

"అవన్ని పోయేదాక నా బిడ్డ ఆ ఇంట్ల అడుగు పెట్టది. నర్సంపేట మా అమ్మోళ్లింటికి పోత."

నిర్మల డాక్టరమ్మను అడిగింది. "ఉప్పునీళ్లు తాపితె ఏమయ్యేది మేడం?"

"ఉప్పే విషమయ్యేది. కక్కితే రిమూవర్ ఊపిరితిత్తుల్లోకి పోయేది. మీ కోడలు ఆపడం మంచిదైంది."

నిర్మల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చి సౌమ్య పక్కన కూర్చుని కోడలి చెయ్యి పట్టుకుంది. "నర్సంపేట పోకు బిడ్డా. గా సీసాల సంగతి నేను చూస్త."

సాయంత్రం నాలుగింటికి ఇరవై మూడు సీసాలూ తిరిగి డబ్బాలోకి ఒంపారు. నిర్మల దగ్గరుండి ఒంపించింది. ఐదున్నరకు పూజను డిశ్చార్జ్ చేశారు. మరునాడు పది గంటలకు సౌమ్య పార్లర్ తెరిచింది.