తొంభై ఆరు జీబీల గొంతు

ఆ మంగళవారం పొద్దున కూడా ఆర్విడ్ కంగస్ ఇంట్లో కాఫీ ఎప్పటిలాగే కాగింది. డెబ్భై మూడేళ్ల ఆర్విడ్ యాలకుల రొట్టెను చిన్న ముక్కలు చేసి, కాఫీలో నానబెట్టి, భార్య ఎల్మాకు చెంచాతో తినిపిస్తున్నాడు. ఒక్కో ముక్క మింగడానికి ఆవిడకు నిమిషం పైనే పడుతోంది. బయట ఏప్రిల్ వచ్చినా కరగని మంచు, మసి పట్టి రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉంది. కూతురు కారిన్ మాత్రం అదే బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒకే ఫైలును పదోసారి తెరవబోయింది. అది పదోసారి కూడా తెరుచుకోలేదు.

ఎల్మాకు వచ్చింది కండరాలను ఒక్కొక్కటిగా తినేసే జబ్బు. నిరుడు కాళ్లు తీసుకుంది, ఈ చలికాలం నాలుక తీసుకుంది. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపి, వెనక సీట్లో అల్లరి చేసేవాణ్ణి వెనక్కి తిరక్కుండానే ఒక్క మాటతో కూర్చోబెట్టిన మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా పలక మీద మార్కరుతో రాసి చూపించాలి. ఆ వేళ్లు కూడా ఎన్నాళ్లుంటాయో తెలియదు.

ఆసుపత్రిలో మాటల చికిత్స చేసే ఆవిడ ఒక దారి చెప్పింది. ఎల్మా పాత గొంతు కనీసం ముప్పై నిమిషాలు స్పష్టంగా దొరికితే, అదే గొంతుతో మాట్లాడే యంత్రం తయారవుతుంది. దొరక్కపోతే యంత్రంలో ముందే ఉన్న ఎవరిదో గొంతుతో సరిపెట్టుకోవాలి. శుక్రవారం యంత్రాన్ని అమర్చే రోజు.

ఆ గొంతు ఉన్నది కారిన్ చిన్నప్పుడు తీసిన నాలుగు వీడియో టేపుల్లోనే. కెమెరా ఎప్పుడూ ఎల్మా చేతిలోనే ఉండేది కాబట్టి ఏ బొమ్మలోనూ ఆవిడ లేదు, మాట మాత్రం అన్నింటికన్నా దగ్గరగా పడింది. ఫిబ్రవరిలో ఆర్విడ్ నేలమాళిగలో కూర్చుని, పాత కెమెరాను ఒక చిన్న పెట్టెతో కంప్యూటర్‌కు కలిపి, ఒకే రోజు ఎనిమిది గంటలపాటు నాలుగు టేపులూ వరసగా ఎక్కించాడు. అన్నీ కలిపి ఒకే ఫైలు, తొంభై ఆరు జీబీలు.

కారిన్ చెయ్యని ప్రయత్నం లేదు. మూడు రకాల ప్లేయర్లలో తెరిచి చూసింది. ఫైలు పేరు చివర అక్షరాలు మార్చి చూసింది. డిస్కు పాడైందేమోనని రెండు గంటలు పట్టి మరో డిస్కులోకి కాపీ చేసింది. సైజు తొంభై ఆరే చూపిస్తోంది, ఎడిటింగ్ ప్రోగ్రాం మాత్రం ఈ ఫైలు ఏమిటో నాకు తెలియదంటోంది.

చివరికి తను పాఠాలు చెప్పే బడిలోనే కంప్యూటర్లు చూసుకునే ఒడెట్‌కు ఫోన్ చేసింది. ఒడెట్ అంతా విని ఒకే ప్రశ్న వేసింది, రికార్డింగ్ ఎలా ఆపారని. కారిన్ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఆ రోజు టేపులు అయ్యాక ఏం చేశావు?"

"మెయిన్ దించేశాను."

"ఆపు బటన్ నొక్కలేదా?"

"మెయిన్ దించితే అన్నీ ఆగుతాయిగా."

ఆర్విడ్ ముప్పై ఒక్క ఏళ్లు ఇనప గనిలో చేశాడు. అక్కడ యంత్రం దగ్గర్నుంచి కదిలేముందు మెయిన్ దించి, దానికి తన తాళం తనే వెయ్యాలి. ఒకనాడు తాళం వెయ్యడం మరిచిన జతగాడి చెయ్యి రాళ్లు పిండిచేసే మరలో పోతుంటే కళ్లారా చూశాడు. అప్పట్నుంచి ఇంట్లో కూడా నేలమాళిగ మెట్లెక్కేముందు అక్కడి మెయిన్ దించి తాళం వేస్తాడు. భార్యా కూతురూ ఎంత నవ్వినా ఆ అలవాటు మానలేదు.

ఒడెట్ విడమరిచి చెప్పింది. రికార్డు అవుతున్నంతసేపూ బొమ్మనూ శబ్దాన్నీ కంప్యూటర్ ఒకదాని మీద ఒకటి పోసుకుంటూ పోతుంది. ఎక్కడ ఏముందో రాసిపెట్టుకునేది మాత్రం ఆపు నొక్కిన తర్వాతే. ఆ రాత పడేలోపు కరెంటు పోతే, సరుకంతా ఉంటుంది గానీ ఏది బొమ్మో ఏది మాటో ఏ ప్రోగ్రాముకీ తెలియదు.

కారిన్ ఫోన్ పెట్టేసింది. నెలల తరబడి లోపల దాచుకున్న చిరాకంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఒక్క బటన్ నాన్నా. ఒక్కటంటే ఒక్క బటన్. ఇదేమైనా గనా? ఆ వెధవ తాళం కోసం అమ్మ గొంతు నువ్వే నొక్కేశావు."

ఆర్విడ్ చెంచా కప్పులో పెట్టాడు. "టేపులుంటే మళ్లీ ఎక్కించేవాణ్ణి," అన్నాడు మెల్లగా.

మార్చిలో వాకిలి మెట్ల మీద చక్రాల కుర్చీకి వాలుబల్ల వెయ్యాలని, అది చేసే చోటు కోసం నేలమాళిగ ఖాళీ చేసింది కారినే. టేపులున్న డబ్బాను మిగతా సామానుతో పాటు ఊరి చెత్త యార్డులో పడేసి వచ్చింది కూడా తనే. అంతా ఎక్కించానని చెప్పింది నువ్వు కాదా అని తండ్రి మీదికి మళ్లీ లేచింది. ఆయన చెంచా మళ్లీ అందుకున్నాడు.

ఈలోపు ఎల్మా చెయ్యి పలక మీద కదులుతోంది. రాయడం అయ్యేదాకా ఇద్దరూ ఆగాల్సి వచ్చింది. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ చదవడానికి వచ్చాయి.

'ఒకసారి చూశాక పారేద్దాం అన్నాడు. నేను విన్నాను.'

కారిన్ ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. నిజమే, ఫైలు ఒకసారి చూశాక టేపులు పారేద్దామని ఆయన అన్నాడు. ఆ రోజు అరువు తెచ్చిన ట్రక్కు వాకిట్లో ఉంది, తను విసిగిపోయి ఉంది. నీ ఒకసారి వచ్చే ఏడాదికి గానీ రాదు అనేసి డబ్బా ఎత్తుకుపోయింది. ఆ మాట మరిచిపోలేదు, గుర్తుకు రానివ్వలేదంతే. లాప్‌టాప్ మూసి, కోటు కూడా వేసుకోకుండా బయటికెళ్లి మెట్ల మీద కూర్చుంది.

మధ్యాహ్నం ఒడెట్ వచ్చింది. ఇలాంటి ఫైళ్లను బాగుచేసే ప్రోగ్రాం ఒకటి తెచ్చింది గానీ దానికో షరతు ఉంది. అదే కెమెరా, అదే పెట్టె, అవే సెట్టింగులతో సవ్యంగా ముగిసిన ఫైలు ఒకటి నమూనాగా ఇవ్వాలి. దాన్ని చూసుకుని పాడైన ఫైలులో ఏది ఎక్కడుందో అది ఊహించుకుంటుంది. నమూనాలో మనిషి మాట కూడా ఉంటే మంచిదని చెప్పింది. టేపులు లేవు కాబట్టి ఎవరో ఒకరు కెమెరా ముందు కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడాలి.

కారిన్ కూర్చోబోయింది. ఎల్మా వేలు ఎత్తి ఆర్విడ్‌ను చూపించింది.

ఆయన కెమెరా ముందు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. ఏదైనా సరే మాట్లాడండి, మాట కావాలి అంది ఒడెట్.

"నా పేరు ఆర్విడ్ కంగస్. గనిలో నా బిళ్ల నంబరు నాలుగు వందల పన్నెండు." తర్వాత కెమెరాను వదిలి భార్య వైపు చూశాడు. "నాకు మాటలు రావు ఎల్మా. ఎవరింటికి వెళ్లినా ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడేదానివి. ఆ రోజు కింద నేను తెర చూడలేదు. కుర్చీ అటు తిప్పుకుని విన్నాను. ఎనిమిది గంటలూ నన్ను తిడుతున్నావు, పిల్లను పిలుస్తున్నావు, నవ్వుతున్నావు. పైకి వస్తే నువ్వు మాట్లాడవు. అందుకని అక్కడే కూర్చుని ఏడ్చాను. కళ్లు కనబడలేదు. చేతులకు తెలిసిన పని చేతులు చేసేశాయి."

"ఇప్పుడు ఆపు నొక్కాలి కదా, అమ్మాయ్?" అని కూతుర్ని అడిగి, తనే లేచి నొక్కాడు.

కారిన్ ఇక ఉండలేకపోయింది. "టేపులు పారేసింది నేను నాన్నా. నువ్వు ఆగమన్నావు, నేను ఆగలేదు. పొద్దున అన్నదంతా నన్ను నేను అనుకోవాల్సింది."

"నేనూ గట్టిగా చెప్పలేదులే," అన్నాడాయన.

బుధవారం సాయంత్రానికి ప్రోగ్రాం పని ముగించింది. బొమ్మ ఆకుపచ్చ చారలుగా విరిగి విరిగి వచ్చింది. శబ్దం చాలా మేరకు ఒట్టి గరగర. ఎనిమిది గంటల్లో మాట తెలిసేలా మిగిలింది పదకొండు నిమిషాలు. కారిన్, ఒడెట్ సెట్టింగులు మార్చి మరో రెండుసార్లు నడిపినా పన్నెండో నిమిషం రాలేదు. ఆసుపత్రి ఆవిడ అంతా విని, దీంతో గొంతు తయారుచెయ్యలేమని, కావాలంటే స్పష్టంగా ఉన్న మాటలను యథాతథంగా కత్తిరించి బటన్లకు పెట్టుకోవచ్చని చెప్పింది. అలా ఆరు దొరికాయి.

శుక్రవారం చక్రాల కుర్చీకి యంత్రం బిగించారు. దాహంగా ఉంది అని అది మొదటిసారి పలికినప్పుడు ఆర్విడ్ ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు, ఎవరో పరాయి ఆడమనిషి ఇంట్లోకి వచ్చినట్టు. ఇక రోజూ ఆ గొంతే. పై వరసలో ఆరు బటన్లు మాత్రం ఎల్మావి.

అందరూ వెళ్లాక కారిన్ తల్లి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, నీ గొంతు చెత్తలో పారేశాను. ఎన్ని మాటలున్నాయో అందులో. నాకెలా చెప్పాలో కూడా తెలియట్లేదు." ఇంకేదో అనబోయి ఏడ్చేసింది.

ఎల్మా వేలు నెమ్మదిగా పై వరసకు పాకింది. తలుపు వెయ్ చలి అన్నదాన్ని దాటింది, ఆర్విడ్ నీ బూట్లు అన్నదాన్ని దాటింది, ఆరోదాని మీద ఆగింది. నాలుగేళ్ల కారిన్ గడ్డకట్టిన చెరువు మీద తండ్రి గాలపు కర్రను మంచు కన్నంలోకి జారవిడిచి గుక్కపట్టి ఏడ్చిన రోజున అన్న మాట అది. ముప్పై అయిదేళ్ల ఎల్మా గొంతు, వెనక గాలి హోరుతో సహా, వంటింట్లో పలికింది.

"పోనీలేరా తల్లీ. పోతే పోయింది. ఏడవకు, ఇలా రా."

కారిన్ తల్లి ఒళ్లో తల పెట్టేసింది. ఆర్విడ్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇంకోసారి నొక్కవూ, ఎల్మా," అని అడిగాడు.

ఆవిడ మళ్లీ నొక్కింది.