కొమో వాళ్ల కిటికీ

కొండకొన మీద కొమో వాళ్ల పాడుపడ్డ ఇల్లుంది. ముప్పయ్యేళ్లుగా అందులో మనిషి లేడు. అయినా పొద్దు వాలాక సముద్రం వైపు కిటికీలో వెలుగు కనబడుతుందని చెప్పుకునేవారు. చేపల పడవలవాళ్లు అటు చూడకుండా, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, తెడ్లు గబగబా వేసేవారు.

అలాంటి చోటికి ఒనెజీమ్ బొమ్మ వేయడానికి బయల్దేరాడు. అదీ పోయినవాళ్ల కోసం ప్రార్థనలు చేసే నవంబరులో.

భార్య దెలీమా పోయి ఏడు నెలలు. అప్పట్నుంచి ఒక్క బొమ్మ కుదర్లేదు. ఇసుక తిన్నెలు, అడవులు, ఉప్పుగడ్డి మైదానాలు... అన్నిచోట్లా కూర్చున్నాడు. పొద్దున వేసింది సాయంత్రానికి కత్తితో గీకేసేవాడు. గీకీ గీకీ బొమ్మలేసే చెక్కపలక పలచబడిపోయింది.

"ఇవాళ కూడా రాకపోతే ఈ రంగుల పెట్టె పొయ్యిలో పెట్టేస్తానక్కా."

"పెట్టు. నాకు కట్టెలు కలిసొస్తాయి" అంది ఓజిత్. మళ్లీ మెల్లగా, "చీకటి పడకముందే వచ్చెయ్‌రా. దీపం పట్టడానికి దెలీమా లేదుగా..."

నిజమే. చీకటి ముసిరేకొద్దీ ఆమె వెనకాల నిలబడి, అతని ఎడమ భుజం మీదుగా లాంతరు పట్టేది. "వెనక్కి తిరగకు, వెలుగు కదులుతుంది" అని కసిరేది.

ఒనెజీమ్ కొండ అంచుకు వీపు పెట్టి, ఇంటికెదురుగా కూర్చున్నాడు. మంచు కమ్మింది. అంతా బూడిద రంగే. చెయ్యి కదల్లేదు. పొద్దు కుంకింది... ఇక పెట్టె మూయబోయాడు. మూయలేక మూతమీద తల ఆన్చాడు.

"ఒక్కటి... దెలీమా, ఒక్క బొమ్మ..."

తలెత్తేసరికి - కిటికీ పసుపుపచ్చగా ఉంది.

కాళ్లు పరిగెత్తమన్నాయి. చెయ్యి మాత్రం అప్పటికే కుంచె అందుకుంది. నీలం... ఊదా... చెక్కగోడల తడి... చివరికి ఆ పసుపు. అలవాటు కొద్దీ, వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చి పలకను వంటింటి బల్లమీద పెట్టాడు. ఓజిత్ దాని మీదికి వంగి చూసింది. కళ్లు తుడుచుకుంది. అతను కిటికీ సంగతి చెప్పగానే పకపకా నవ్వింది.

"దెయ్యమూ లేదు, నీ మొహమూ లేదు! వెనకాల నీ లాంతరుంటే ఎదురుగా కిటికీ అద్దంలో పడదూ?"

ఒనెజీమ్ కూడా నవ్వాడు. ఏడు నెలల్లో మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ... ఆగిపోయాడు.

అతని చూపు వెంటే ఓజిత్ తిరిగి చూసింది. తలుపు పక్క మేకుకి లాంతరు వేలాడుతోంది. దానిమీద ఏడు నెలల దుమ్ము.

"మరి... ఆ చీకట్లో," ఆమె గొంతు గుసగుసైంది, "ఏది నీలమో ఏది ఊదానో... నీకెలా కనబడిందిరా?"

అతను ఎడమ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు.

మంచుకి కోటంతా తడిసి చల్లగా ఉంది. అక్కడొక్కచోట మాత్రం పొడిగా - ఇంకా వెచ్చగా ఉంది.