నీలి తొట్ల కాడ పాట

ఆత్మకూరు దాటి ఉదయగిరి రోడ్డున అరమైలు పోతే ఎడమ చేతికి నీలి తొట్లుండేవి. దొరల కాలంలో నీలిమందు ఉడకబెట్టిన చోటు. సగం కూలిన కొట్టాం, దాని వెనక మూడు ఇటుక తొట్లు — అంతే మిగిలింది. కాగుతున్న తొట్లో ఎవరో కూలిమనిషి పడి చనిపోయిందనీ, పాట పాడుతూ పనిచేయడం ఆమెకు అలవాటనీ, ఇప్పటికీ కొన్ని రాత్రుళ్ళు ఆ పాట వినబడతాదనీ చెప్పుకునేవాళ్ళు. పొద్దు గూకితే బండ్లవాళ్ళు ఆ తట్టు చూడకుండా ఎద్దుల్ని అదిలించేవాళ్ళు.

రంగనాథం ఇట్లాంటివి నమ్మే మనిషి కాదు... అని ఆయనే అనుకునేవాడు. ఆ రాత్రి సంగతి చాన్నాళ్ళకు ఒక్క స్నేహితుడితో మాత్రం చెప్పాడట. అట్లా ఆ నోటా ఈ నోటా బయటికొచ్చింది.

ఆత్మకూరు బజారులో ఆయనకు గుడ్డల కొట్టుండేది. కొట్టుకన్నా ఆయన గ్రామఫోనుకే పేరెక్కువ. ఆదివారం సాయంత్రాలు ఆయన మిద్దె మీది గదిలో నలుగురైదుగురు చేరేవాళ్ళు. ఎవరి పాటల ప్లేట్లు వాళ్ళు తువ్వాల్లో చుట్టుకొని వచ్చేవాళ్ళు. కొందరు గ్రామఫోను పెట్టెలే మోసుకొచ్చేవాళ్ళు. ఒకరి పెట్టె మీద ఇంకొకరి ప్లేటు వేసి, ఎందులో గొంతు నిండుగా పలుకుతుందో, ఎందులో గీరుకుంటుందో గంటలకొద్దీ తేల్చుకునేవాళ్ళు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే హుసేనయ్య వీళ్ళందరికీ వెదురు సూదులు చెక్కి ఇచ్చేవాడు. ఇనప సూది ప్లేటును తినేస్తుందని అతని బాధ. వెదురు సూదితో పాట మెత్తగా, పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టుండేది.

రంగనాథం భార్య సీతమ్మ కాఫీ కాచి, మెట్ల మీద పెట్టి పోయేది. మిద్దె ఎక్కేది కాదు. రెండేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కామాక్షి విషజ్వరంతో పోయింది. ఆరేళ్ళ పిల్ల. బిడ్డ రోజూ అడిగి వేయించుకునే ప్లేటును రంగనాథం బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒకసారి సీతమ్మ దాన్ని వెయ్యమని అడిగితే ఆయన చెప్పులేసుకొని కొట్టుకెళ్ళి, రాత్రికి గాని ఇల్లు చేరలేదు; రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. బిడ్డ పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది, చలికాలం. రంగనాథం సూదుల కోసం ఉదయగిరి పోతూ, రాత్రికి అక్కడే పండుకొని మర్నాడు వస్తానని ఇంట్లో చెప్పాడు. తీరా పోతే హుసేనయ్య తల్లికి ఒంట్లో బాగాలేదు. పాటలు పెట్టుకునే వేళ కాదు. సూదులు తీసుకొని ఆఖరి బస్సెక్కాడు.

ఆత్మకూరు ఇంకా రెండు మైళ్ళుందనగా బస్సు ఆగిపోయింది. తెల్లారితే గాని కదలదన్నాడు డ్రైవరు. జనం సీట్లలోనే ముసుగులు తన్నారు. రంగనాథం నడక మొదలుపెట్టాడు.

వెన్నెల లేదు. రోడ్డు మసకగా తెలుస్తోంది. తన చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నీలి తొట్లు దగ్గర పడుతున్నాయని గుర్తొచ్చాక ఆ చప్పుడు కూడా ఎక్కువనిపించింది. చెప్పులు విప్పి చేతబట్టుకున్నాడు.

అప్పుడు వినబడింది.

సన్నగా... కొట్టాం తట్టు నుంచి... ఆడగొంతు.

ఆయన నిలబడిపోయాడు. గాలేమో అనుకున్నాడు. గాలి కాదు, పాటే. వింటుండగానే ఆ గొంతు బరువెక్కింది — కిందికి దిగింది — ఇంకా దిగింది — చివరికి ఎవరో మగమనిషి మూలుగుతున్నట్టయి... ఆగిపోయింది.

పరిగెత్తాలనుకున్నాడు. కాళ్ళు వినలేదు. కానీ చెవి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఆ మూలుగు ఆయన ఎన్నోసార్లు విన్నదే. కీ అయిపోతే పెట్టెలో పాట అట్లనే కుంగుతుంది. అంతలో కిర్రు కిర్రుమని కీ తిప్పుతున్న చప్పుడూ వచ్చింది. దెయ్యానికి కీ ఎందుకు? రంగనాథానికి నవ్వొచ్చింది.

పాట మళ్ళీ లేచింది. ఈసారి మాటలు తెలిశాయి. బొమ్మల పెళ్ళి పాట. దాంతోపాటు చుట్టుకొకసారి — టక్... టక్... టక్...

నవ్వు ఆగిపోయింది.

కామాక్షి చేతిలోంచి జారి అంచు చిట్లిన ప్లేటు అది. ఆ చిట్లిన చోట సూది ఎక్కి దిగే చప్పుడు అది. అట్లాంటి ప్లేటు లోకంలో ఒక్కటే ఉంటుంది. అది తన బీరువాలో ఉంది. తాళంచెవి మొలతాడుకు కట్టుంది. తడిమి చూసుకున్నాడు — ఉంది.

పాటతో కలిసి ఇంకెవరో పాడుతున్నారు. చిన్న గొంతో, పెద్ద గొంతో తెలియడంలేదు. బొమ్మకు తలంబ్రాలు పోసే చరణం దగ్గర ఆ గొంతు నవ్వింది.

కామాక్షి అక్కడే నవ్వేది.

"తల్లీ..." అన్నాడు.

రోడ్డు దిగి, ముళ్ళలో పడి, ఉత్తకాళ్ళతో కొట్టాం తట్టు నడిచాడు. అది బిడ్డేనేమోనని భయం. కాదేమోనని అంతకన్నా భయం. గోడ పట్టుకొని, కూలిన కిటికీలోంచి తల వంచి చూశాడు.

లాంతరు ఒత్తి బాగా తగ్గించి ఉంది. మధ్యలో చిన్న పెట్టె. చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు.

ఒకరు మిషను ఆసుపత్రి నర్సు రాహేలమ్మ. పెట్టె ఆమెదే. స్వదేశం వెళ్ళిపోతూ దొరసాని డాక్టరు ఆమెకిచ్చిపోయింది. ఇంకొకరు చెరువు చేపలమ్మే చెంచమ్మ. ఆమె తట్టలో గుడ్డ కింద నాలుగైదు ప్లేట్లు. కాన్పుకు పోయే నర్సు లాంతరు వెంట ఆడవాళ్ళు నడుస్తుంటే ఎక్కడికని ఎవరూ అడగరు. ఏడాదిగా, రంగనాథం ఊళ్ళో లేని రాత్రుళ్ళు, వాళ్ళట్లా ఇక్కడికి వస్తున్నారు.

మూడో మనిషి కళ్ళు మూసుకొని పాడుతోంది. సీతమ్మ.

రంగనాథం చేతిలోని చెప్పులు జారిపడ్డాయి. రాహేలమ్మ లాంతరెత్తి, ఆయన్ను గుర్తుపట్టి, చప్పున లేచి అడ్డం నిలబడింది.

"ఆమెనేమీ అనబాకండి, శెట్టిగారూ... మేమే పిల్చినాము."

ఆయన రాహేలమ్మను చూడనేలేదు. లోపలికొచ్చి భార్య ఎదుట నిలబడ్డాడు. సీతమ్మ బెదరలేదు. బీరువాకు రెండో తాళంచెవి ఉందనీ, అత్తగారు పోయేముందు తన చేతికిచ్చిందనీ మెల్లగా చెప్పింది.

ఆయన గుసగుసగా అడిగాడు. "ఇంట్లోనే పెట్టుకోకూడదా... ఎప్పుడన్నా, నేను లేనప్పుడు?"

"మీకు తెలిసిపోతాది. మళ్ళీ అన్నం మానేస్తారు."

పాట అయిపోయింది. సూది ఉత్తగీతలో గరగరలాడుతోంది. సీతమ్మ దాన్నెత్తి పక్కన పెట్టింది.

"కామాక్షి ఎప్పుడూ ఈ పక్కే వెయ్యమనేది. రెండో పక్క నేనింతవరకూ వినలేదు. ఒక్కదాన్నే వినబుద్ధి గాలేదు... కూర్చోండి."

చెంచమ్మ తట్ట జరిపి చోటిచ్చింది. రంగనాథం కూర్చున్నాడు. ప్లేటు తిరగేసి వేసింది ఆయనే.