తప్పుకోని చెయ్యి

ఆ సోమవారం ఉదయం పెద్దకోడలు ఇస్త్రీ అయిపోయిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. కాలరు ఎప్పుడో అట్టలా బిగుసుకుపోయింది, అయినా పెట్టె పక్కన పెట్టబుద్ధి కావడం లేదు. ఇంటి కింది గదిలో ఆవిడ నడిపే లాండ్రీ అది. ఉతికిన బట్టలు ఓ పక్క, ఇస్త్రీ అయినవి ఓ పక్క, ఎవరివో తేల్చుకోవలసినవి మధ్యలో కుప్పగా ఉన్నాయి. పని చేతులు చేస్తున్నాయి. మనసు మాత్రం నిన్నటి నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

నిన్న సత్సంగం హాల్లో కోలాటం నేర్చుకుంటూ ఆవిడ తన తోడికోడలి బొటనవేలు చితక్కొట్టింది.

"కర్ర జారింది" అని అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. నమ్మనిది ఆవిడొక్కతే.

డ్యూటీకి బయలుదేరుతూ భర్త చొక్కా కోసం లోపలికొచ్చాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు.

"అది నాదేనా? దానికి నోరుంటే ఈపాటికి ఏడ్చేది" అన్నాడు.

"తీసుకెళ్ళండి" అని చొక్కా చేతిలో పెట్టింది.

"పైకి వెళ్ళి పలకరించావా? ఎముక చిట్లిందట. కట్టు కట్టి నెలరోజులు వేలు కదపొద్దన్నారట."

"పనుంది. వెళ్తాను."

"కావాలని కొట్టావా ఏమిటి, అంత మొహం చాటేస్తున్నావు?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆయన సరదాగా అన్న మాట ఆవిడ గుండెలో కలుక్కుమంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పెద్దకోడలు చెడ్డమనిషి కాదు. చిన్నప్పుడే తల్లి పోయింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పుడు ఆవిడకి పొయ్యి వెలిగించడం తప్ప ఏమీ రాదు. పట్టుబట్టని ఏ వేడి మీద ఇస్త్రీ చెయ్యాలో, మరకని దేనితో వదిలించాలో, మొగుడు అలిగితే ఎంతసేపు ఊరుకోవాలో అన్నీ అత్తగారే నేర్పింది. అమ్మ అన్న మాటకి అర్థం అత్తగారి దగ్గరే తెలిసిందావిడకి. అందుకే అత్తగారిని కంట్లో పెట్టుకుని చూసుకుంటుంది. మెట్టు దిగితే చెయ్యి పట్టుకుంటుంది, గాలి వీస్తే కిటికీ మూస్తుంది.

పైవాటాలో చిన్నకొడుకు, చిన్నకోడలు ఉంటారు. చిన్నకోడలు పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది. మైనంతో నమూనాలు చెక్కి కట్టుడు పళ్ళు తయారుచెయ్యడం ఆమె పని. బొటనవేలు లేకపోతే ఆ పని లేదు. ఆ సంగతి కూడా పెద్దకోడలికి బాగా తెలుసు.

గొడవకి మూలం వేరే ఉంది. చిన్నవాళ్ళు ఊరి అవతలి పక్కన లిఫ్టు ఉన్న ఇల్లు చూసుకున్నారు. వెళ్తే వెళ్తారు, ఎవరి సంసారం వాళ్ళది. కానీ ఆ మాట చెప్పిన రోజు అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టి, "నేనూ వాళ్ళతో వెళ్తాను" అంది. అంతే. ఎందుకని పెద్దకోడలు అడగలేదు, అడిగితే వినలేనేమోనని భయం. తోడికోడలితో మాత్రం మాట్లాడడం మానేసింది. నా అత్తయ్యని మాటలతో మాయచేసి పట్టుకుపోతోంది, అని కడుపు రగిలిపోయింది.

ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ రోజుల్లోనే సత్సంగంలో కోలాటం మొదలైంది. ప్రతి ఆదివారం అక్కడ ఓ గంట మౌనం, తరవాత భజన ఉంటాయి. సత్సంగం నడిపే పెద్దావిడ ఒకరోజు అందరి మొహాలూ చూసి విసుక్కుంది. "మీరు ధ్యానంలో కూర్చుంటే పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టుంది. దేవుడు చూస్తే దడుసుకుంటాడు. లేచి ఆడండి" అంది.

నేర్పడానికి ఒకప్పటి డ్రిల్లు టీచరొకాయన వచ్చాడు. మెడలో విజిలు వేలాడుతూ ఉంటుంది కాబట్టి విజిలు మాస్టారయ్యాడు. లోపలి వలయం కుడికి, బయటి వలయం ఎడమకి తిరగాలి. ఎదురుగా ఎవరొస్తే వాళ్ళ కర్రకి కర్ర తగిలించి, నవ్వి, ముందుకు సాగాలి. నవ్వకపోతే ఆయన విజిలు వేస్తాడు. వలయం తిరుగుతూ ఉంటే ఎవరినీ తప్పించుకోవడం కుదరదు, మాట్లాడని తోడికోడలిని కూడా.

అందరికంటే ముందు పేరిచ్చింది అత్తగారు. కోడళ్ళిద్దరినీ ఈడ్చుకొచ్చింది కూడా ఆవిడే. మోకాళ్ళు సహకరించకపోయినా పాట మొదలవగానే ఆవిడ మొహంలో ఏదో వెలుగు వచ్చేది. పెద్దకోడలు మాత్రం సగం పాటకే వలయం వదిలి వెళ్ళి, "ఇక చాలు అత్తయ్యా, మోకాళ్ళు పట్టేస్తాయి" అని కుర్చీలో కూర్చోబెట్టేది.

నిన్న హాలుకి వస్తూ దారంతా అత్తగారు కొత్తింటి గురించే మాట్లాడింది. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోతూ ఉంది. పాట వేగం పెరిగింది, ఎదురుగా చిన్నకోడలు వచ్చి నవ్వింది. రూలు ప్రకారమే నవ్వింది పాపం. ఆ నవ్వు పెద్దకోడలికి గెలిచినదాని నవ్వులా కనిపించింది. కర్ర మీద తగలాల్సిన దెబ్బ వేలి మీద పడింది. నొప్పితో వంగిపోయి, కళ్ళనీళ్ళు కారుతున్నా, "అక్క తప్పేం లేదు, నాకే తాళం తప్పింది" అంది చిన్నకోడలు అందరితో. అదే ఇప్పుడు పెద్దకోడలు మింగలేక కక్కలేక ఉంది. తిట్టి ఉంటే ఎంత బావుండేది.

మధ్యాహ్నం దాకా ఆవిడ ఏ పనీ సవ్యంగా చెయ్యలేదు. ఒకరి బట్టలు ఇంకొకరి సంచిలో పెట్టింది. వెతుక్కుంటూ వచ్చిన గిరాకీ మీద విసుక్కుని, మళ్ళీ క్షమించమంది. మంచినీళ్ళు తాగుదామని వెళ్ళి గ్లాసు కడిగి పెట్టి వచ్చేసింది. వెనక గదిలోంచి అత్తగారు కేకేసింది.

"పెద్దమ్మాయ్, అది ఒంటిచేత్తో ఏం తింటోందో చూశావా?"

"మరిది ఉన్నాడుగా."

"వాడు ఆఫీసుకి పోయాడు. వాడుంటే మాత్రం ఏం, గిన్నె మూత ఎటు తియ్యాలో తెలీదు వాడికి. నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా?"

"మీరు మెట్లెక్కకండి. నేనే వెళ్తాను" అని పెద్దకోడలు అన్నం, కూర పళ్ళెంలో పెట్టుకుని పైకి నడిచింది. ఒక్కో మెట్టూ కొండలా ఉంది.

పైన తలుపు తీసే ఉంది. గదినిండా అట్టపెట్టెలు. చిన్నకోడలు ఒంటిచేత్తో పుస్తకాలు సర్దుతోంది. జుట్టు విరబోసుకుని ఉంది, రెండో చేతికి తెల్లటి కట్టు.

"పళ్ళెం అక్కడ పెట్టక్కా" అంది, తలెత్తకుండా.

పెద్దకోడలు పళ్ళెం పెట్టింది. వెళ్ళిపోదామని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఏంటక్కా, గస్తీ తిరుగుతున్నావు?"

"కర్ర జారలేదు" అంది పెద్దకోడలు. అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. "జారలేదు. నిన్ను చూస్తే ఒళ్ళు మండింది. కొట్టాలనే కొట్టాను. వేలనుకోలేదు, కర్ర మీదే గట్టిగా కొడదామనుకున్నాను. కానీ వేలు కనిపించాక కూడా ఆపలేదు. నీ పని చెడింది. నా మొహం చూడొద్దన్నా నేనేం అనను."

చిన్నకోడలు చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"నీ మొహం చూశానుగా. చెయ్యి రావడం చూశాను. వెనక్కి తీసుకునే వ్యవధి ఉంది. తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు?"

"ఈ ఇంట్లో ఎప్పుడు చూడు అక్క ఓపిక, అక్క వంట, అక్క మంచితనం. నేనేం చేసినా పైవాటాలో అద్దెకున్నదాని లెక్క. ఒక్కసారి నువ్వు తప్పు చేస్తే, అందరూ నా వైపు ఉంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. నాలుగు రోజులు వాచుతుంది, నువ్వు నా చుట్టూ తిరుగుతావు అనుకున్నాను. ఎముక చిట్లుతుందని ఎవరికి తెలుసు?" ఆమె కట్టు వైపు చూసుకుంది. "నిన్ను వెనకేసుకొచ్చింది కూడా మంచితనంతో కాదు. నువ్వు ఇంకా కుమిలిపోవాలని."

అంత తెలివితక్కువ పని ఇంకొకరు చేసి ఉంటే పెద్దకోడలు చెడామడా తిట్టేది. ఇప్పుడు తిట్టడానికి తనకి మొహం లేదు. అయినా ఊరుకోలేక, "నీకు పిచ్చా? తిండి పెట్టే చెయ్యి అది" అంది.

"నీకు మాత్రం? కొట్టిందెవరు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు చిన్నకోడలికి నవ్వొచ్చింది, అది సగంలో ఏడుపైంది. పెద్దకోడలు పక్కన చతికిలబడి ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది.

"తీసుకెళ్ళు" అంది పెద్దకోడలు, తనూ ఏడుస్తూ. "అత్తయ్యని తీసుకెళ్ళు. నాకంటే నువ్వే కావాలందిగా."

"అందుకేగా నేనూ పొంగిపోయింది. మొదటిసారి నీమీద గెలిచాననుకున్నాను."

"బావుంది వరస" అన్న గొంతు గుమ్మంలోంచి వినబడింది.

అత్తగారు. రొప్పుతూ, ఒంటిచేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మెట్లన్నీ ఒక్కతే ఎక్కి వచ్చింది. పెద్దకోడలు గబుక్కున లేచి పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఇద్దరూ నాకోసం కర్రలతో కొట్టుకున్నారా? నేనేమన్నా గెలుచుకునే కప్పునా? నన్నడిగారా ఎవరైనా?"

పెద్దకోడలు మంచం మీది పుస్తకాలు తీసి ఆవిడకి చోటు చేసింది.

"నేను వెళ్తానన్నది నీమీద కోపంతోనూ కాదు, దానిమీద ప్రేమ పొంగిపోయీ కాదు. ఆ కొత్తింటి పక్కవీధిలోనే సత్సంగం హాలుంది. నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళి, ఆడుకుని, నడిచి రావచ్చు. అదీ సంగతి."

"ఇక్కణ్ణుంచి నేను తీసుకెళ్తున్నానుగా అత్తయ్యా" అంది పెద్దకోడలు.

"తీసుకెళ్తున్నావు. బస్సు ఎక్కిస్తావు, దింపుతావు, పాట సగంలో ఉండగా ఇక చాలంటావు. నాకు చాలిందో లేదో నీకెలా తెలుసే? చిన్నప్పుడు నన్ను ఆడనివ్వలేదు, పెళ్ళయ్యాక తీరిక లేదు, ఇప్పుడు నీ ప్రేమ ఆడనివ్వడం లేదు. మోకాలు నొప్పెడితే నేను కూర్చుంటాను. అంత తెలివి నాకుంది."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో అత్తగారికి ఏం పడదో, ఏది మంచిదో, ఏది ఒద్దో అన్నీ తనకే తెలుసనుకుంది. ఏం కావాలని ఒక్కనాడు అడిగిన గుర్తు లేదు.

"నాకు భయం అత్తయ్యా" అంది, చిన్నపిల్లలా వెక్కుతూ. "అమ్మ పోయినప్పుడు నేను వీధిలో ఆడుకుంటున్నాను. మీ చెయ్యి వదిలితే మీరూ పోతారని భయం. అందుకే పట్టుకుంటాను. మిమ్మల్ని కట్టేస్తున్నానని అనుకోలేదు."

అత్తగారి మొహం మెత్తబడింది. మంచం అంచున కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఇంత దిగులు పెట్టుకుని నాతో ఒక్కమాట అనలేదేమే" అంది.

పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. "మీకేం కావాలత్తయ్యా?" అని అడిగింది.

"ఆదివారం ఆదివారం వచ్చి నా పక్కన నడువు. పట్టుకోకుండా."

"అలాగే."

"అక్కా, అలాగే సరే గానీ ముందు నాకు జడ వెయ్యి" అంది చిన్నకోడలు. "నిన్నటి నుంచీ దయ్యంలా ఉన్నాను. మీ మరిదికి చెప్తే చిక్కు తియ్యబోయి సగం జుట్టు పీకాడు."

చిన్నకోడలి పనికి ల్యాబువాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. వేలు నయమయ్యాక మళ్ళీ రమ్మన్నారు. అప్పటిదాకా, చిన్నవాళ్ళు కొత్తింటికి మారాక కూడా, రోజూ పెద్దకోడలు బస్సెక్కి వెళ్ళి వంటచేసి వచ్చేది. చేసిన పనికి అది సరిపోతుందని ఆవిడ అనుకోలేదు. చిన్నకోడలు కూడా అనలేదు. ఇద్దరి మధ్యా మాటలు మాత్రం ఆగలేదు.

కొత్తింటికి మారాక వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే పెద్దకోడలు అక్కడికి చేరింది. అత్తగారు కర్రలు సంచిలో వేసుకుని అప్పటికే కింద గేటు దగ్గర నిలబడి ఉంది.

"చిన్నది వెనక వస్తుందిలే, పద" అని నడక మొదలుపెట్టింది.

నెమ్మదిగా, కొంచెం కుంటుతూ నడుస్తోంది. పేవ్‌మెంటు మీద రాయి లేచి ఉన్నచోట పెద్దకోడలి చెయ్యి దానంతటది ముందుకు వెళ్ళింది. వెనక్కి తీసుకుని రెండు చేతులూ కట్టుకుంది. సైకిలొకటి దగ్గరగా దూసుకుపోయింది. ఆవిడ కట్టుకున్న చేతులు ఇంకా బిగించింది. అత్తగారు మాత్రం ఎవరి కిటికీలోనో పూలకుండీలు చూసుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ పోతోంది. ఇంత హుషారుగా ఆవిడ నడవగలదని పెద్దకోడలికి ఇన్నాళ్ళూ తెలీదు. పట్టుకుని నడిపించేటప్పుడు తను ఎప్పుడూ నేలనే చూసింది, ఆవిడ మొహం చూడలేదు.

వీధి మలుపులో పెద్ద రోడ్డు వచ్చింది. బళ్ళు ఆగకుండా పోతున్నాయి. అత్తగారు అంచున ఆగి, అటూ ఇటూ చూసి, పక్కకి తిరక్కుండానే చెయ్యి చాపింది.

"రోడ్డు దాటేటప్పుడు పట్టుకోవచ్చు" అంది. "అవతల వదిలెయ్యాలి సుమా."

"వదిలేస్తాను" అంది పెద్దకోడలు. ఆ చెయ్యి అందుకుంటుంటే కళ్ళు మసకబారాయి.

ఇద్దరూ నెమ్మదిగా రోడ్డు దాటారు. అవతలి పక్కకి చేరగానే ఇచ్చిన మాట ప్రకారం పెద్దకోడలు వేళ్ళు వదులు చేసింది. అత్తగారే వదల్లేదు.