ఈలల ఫ్యాక్టరీ దగ్గర ఆగిన పడవ

హేజెల్ గొడుగును సంచి అడుక్కి తోసి, మీద రెండు స్వెట్టర్లు కుక్కి, జిప్పు లాగింది. బర్మింగ్‌హామ్ వచ్చి మూడు రోజులు. చూసిందల్లా వాన, బస్సులు, లైబ్రరీలో ఇంటర్వ్యూ గది. ఉద్యోగమైతే ఇచ్చారు. వద్దని సోమవారం ఉత్తరం రాసేసి, సముద్రం ఒడ్డున తన క్రోమర్‌లోనే ఉండిపోదామని నిశ్చయించుకుంది.

"ఊరు చూడకుండానే బాగాలేదంటే ఎలాగమ్మా?" అంది బస ఇచ్చిన నోరా. "మా మేనల్లుడు డెరిక్ బొగ్గు పడవ స్టేషన్ వైపే పోతోంది. రెండు గంటల రైలుకి దింపుతాడు, ఎక్కు."

డెరిక్ సంచి అందుకుని మూలిగాడు. "ఇందులో క్రోమర్ మొత్తం ఉందా అండీ?"

"లేదండీ. మీ ఊరి వాన పట్టుకెళ్తున్నా."

పడవ కాలువ లాకుల్లో మెట్టు మెట్టుగా దిగుతూ ఊరి పెరటివైపు సాగింది. కలం పాళీల ఫ్యాక్టరీ, ఇత్తడి కొలిమి, బొత్తాల షెడ్డు. వంతెన ఇనుప అంచున వేలు పట్టేంత గాడులుంటే హేజెల్ తడిమి చూసింది.

"వెనకట పడవలు లాగిన గుర్రాల తాళ్ళు ఒరుసుకున్న చోట్లవి," అన్నాడు డెరిక్.

"తాడుకి ఇనుము అరిగిందా!"

"రోజూ అదే దారిన వస్తే అరగదా అండీ?" అని ఆమె వంక చూశాడు. ఆమె వంతెన వంక చూసింది.

తర్వాతి లాకు పక్కనే ఈలల ఫ్యాక్టరీ. ఈలలు ఊది పరీక్షించే ఆడవాళ్ళు కిటికీలోంచి చూడనే చూశారు. పదిహేను ఈలలు ఒక్కసారిగా మోగాయి.

"ఒరే డెరిక్! పిల్లని మాకు చూపించవా?"

"తెల్లకోటు వేసుకుందిరా, బొగ్గు అంటించకు!"

డెరిక్ చెవులదాకా ఎర్రబడి, కింది లాకు నింపడానికి పై తూము ఎత్తాడు. అడుగు తూము మూసుందో లేదో ముందు చూడాలి. చూడలేదు. పడవ కింది నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే లాకులోంచి కిందికి జారిపోయాయి. టీ తాగేంత సేపట్లో పడవ బురదలో కూర్చుంది.

"కావాలనే చేశావు! రైలు తప్పిద్దామని!" హేజెల్ కోపంలో మర్యాద మరిచింది.

"పన్నెండేళ్ళుగా పడవ నడుపుతున్నా. ఇది తెలిస్తే కాలువ పొడుగునా నేను చచ్చేదాకా నవ్వుతారు. కావాలని ఎవడు చేసుకుంటాడండీ?"

ఆమె నమ్మలేదు. డెరిక్ సంచి భుజానికెత్తుకుని ఒడ్డుకి దూకి పరుగందుకున్నాడు. వెనకే ఆమె. రైలుకి ఇంకా నాలుగు నిమిషాలుండగా స్టేషన్ గేటు దగ్గర సంచి దించాడు. ఉండమనలేదు. అడ్రసూ అడగలేదు.

"వెళ్ళి రండి. నేను పడవ లేపుకోవాలి."

హేజెల్‌కి అప్పుడు నమ్మకం కుదిరింది. "ఎలా లేపుతావు?"

"పై లాకుల్లోంచి కొంచెం కొంచెంగా నీళ్ళు వదలాలి. పైన ఒకరు, పడవ దగ్గర ఒకరు ఉండాలి."

"రెండోవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు. అటూ ఇటూ పరిగెడతా."

ఆమెకి నవ్వాగలేదు. "వాళ్ళు మళ్ళీ ఈల వేస్తే మళ్ళీ మర్చిపోతావు. తూము నేను చూసుకుంటా. సంచి నువ్వే మొయ్యి."

"మరి రైలు?"

"ఉండు, ముందు లైబ్రరీకి ఫోన్ చేసి వస్తాను. ఉద్యోగానికి వస్తున్నానని చెప్పాలి."

రెండు గంటల రైలు వెళ్ళిపోయింది. క్రోమర్‌లో ఉండడానికి హేజెల్ ఇక తిరిగి వెళ్ళలేదు. అది 1986 మే పదహారు, శుక్రవారం.